తెర తీసి చెప్పిన లెక్క

మొన్న బుధవారం లమ్మడా బజార్లో బట్టల కొట్టుకి వెళ్ళాను. దిండు గలీబులకి గుడ్డ కావాలి. కొట్టతను బర్మావాడు, నా చిన్నప్పటినుంచీ ఎరిగినవాడే. గుడ్డ కొలుస్తూ, "ఈ ఏడు మీ పెద్దాయన తెరకి ఎర్ర గుడ్డ కొనడానికి రాలేదేం? ఆరు గజాలు పక్కన పెట్టి ఉంచాను. ఉగాది దగ్గరకొచ్చేసింది కదా," అన్నాడు. ఉగాది అనే మాట అతను తెలుగులోనే అంటాడు. ఏటేటా విని విని వచ్చింది.

"పోయాడు. రెండు నెలలవుతోంది," అన్నాను.

అతను కత్తెర కింద పెట్టాడు. "మరి తెర ఎవరు తీస్తారు?" అని అడిగాడు.

పెద్ద ప్రశ్నే అడిగాడు మహానుభావుడు. రెండు నెలలుగా మా వాళ్ళలో ఒక్కరికీ నోరు రాని ప్రశ్న. గలీబుల గుడ్డ అక్కడే వదిలేసి బస్సెక్కేశాను.

పజుండౌంగ్‌లో వాగు వైపు సందులో మా సంఘం ఇల్లుంది. గుడి అని ఎవరూ అనరు, ఆఫీసు అని కూడా అనరు. సంఘం ఇల్లు అనే అంటాం. ఓడెక్కి బర్మా వచ్చి సేక్కాన్ రేవులో బస్తాలు మోసిన మా తాతలు కట్టుకున్నది. స్థలం మాత్రం ఒక తెలుగు వ్యాపారి ఇచ్చాడు. ఒకటే గది. తూర్పు గోడకి సింహాద్రి అప్పన్న పటం, పటం ముందు రెండు టేకు స్తంభాలు, వాటి మధ్య ఎర్ర తెర. తెర తీసి ఉంటే అది గుడి. అందరం అప్పన్న వైపు తిరిగి కూర్చుంటాం, భజన చేస్తాం. తెర వేసి ఉంటే అది సభ. అవే చాపల మీద రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చుంటాం. ఏ ముఠాకి ఏ ఓడ, ఎవరి పిల్లకి ఏ సంబంధం, ఎవరు ఎవర్ని కొట్టారు, అన్నీ అక్కడే తేలేవి. ఓడ దిగి వచ్చినవాళ్ళు తొలి రాత్రులు పడుకున్నది అక్కడే. పోయినవాళ్ళని ఒక భజన అయ్యేదాకా పడుకోబెట్టేదీ అక్కడే.

తెర వేసి ఉన్నంతసేపూ ఎంత అరుచుకున్నా, ఎంత బొంకినా అడిగేవాడు లేడు. మనుషులన్నాక సభలో కోతలు కోస్తారు, ఆ సంగతి మా తాతలకి తెలుసు. కానీ తగువు ఎంతకీ తెగకపోతే ఒక పద్ధతుంది. "తెర తీసి చెప్పు" అంటారు. తెర మనిషి లేచి తాడు లాగుతాడు. అప్పన్న కనిపిస్తాడు. అంతకుముందు చెప్పిన మాటే మళ్ళీ చెప్పాలి, అంతే. కర్పూరం ఆర్పడాలు, పిల్లల మీద ఒట్లు, అవేవీ లేవు. తాడు మీద చెయ్యి పడగానే సగం తగువులు తీరిపోయేవని మా నాన్న చెప్పేవాడు.

ఆ తెర మనిషే పోయినాయన. పేరు రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్ళు కూడా ఎవరూ లేరు, అందరికీ తెర మావే. నేను "మావా" అనేదాన్ని, ఆయన నన్ను "అమ్మీ" అనేవాడు. నాకు యాభై నిండాక కూడా అమ్మీనే.

పొడుగు మనిషి. ఎడమ భుజం మీద నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు ఎప్పుడూ ఉండేది. తాడు పట్టుకునే ముందు ఆ తువ్వాలుతో కుడి చెయ్యి ముందూ వెనకా తుడుచుకునేవాడు. తెర తీశాక అప్పన్న వైపు చూడడు. మాట్లాడాల్సిన మనిషి వైపే చూస్తాడు. ఆ చూపులో కోపమేమీ ఉండదు, చెప్పు నాయనా వింటున్నాను అన్నట్టుంటుంది. అదే భరించలేం.

ఆయనకి ఒక వెర్రి అలవాటు. సంఘం ఇంట్లోనే కాదు, ఊళ్ళో ఎక్కడ ఎవరు గొప్పలు కోసినా కుడి చెయ్యి గాల్లోకి లేపి, లేని తాడు ఒకటి కిందికి లాగేవాడు. చేపలమ్మి "పొద్దున్నే పడ్డ చేప" అంటే చెయ్యి లేచేది. బస్సు కండక్టరు "ఇంకొక్కరికి చోటుంది" అంటే చెయ్యి లేచేది. సందులో బర్మా పిల్లలు కూడా నేర్చుకున్నారు, ఆటల్లో ఎవడైనా తొండి చేస్తే తక్కినవాళ్ళు తాడు లాగేవాళ్ళు. ఆయన భార్య, మా అత్త, నెత్తి కొట్టుకునేది. "కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే సాలు, తెర తీసి సెప్పమంటావేటి అంటాడమ్మీ. సరిపోయిందంటే సరిపోయిందని సెప్పి ఏడవొచ్చు కదా." ఆ మాట అంటూనే ఆయన కంచంలో ఇంకో గరిటె వేసేది.

ఒకసారి నేనే ఏడిపించాను. "అప్పన్నే ఏడాది పొడుగునా చందనం కప్పుకుని కూర్చుంటాడు. కప్పుకున్న దేవుడికి మళ్ళీ తెరెందుకు మావా?"

"సందనం ఆయన సిగ్గుకి. తెర మన సిగ్గుకి," అన్నాడు.

రేవులో ఆయన బస్తాల లెక్క చూసేవాడు. ఒకటి అనడు. "లాభం, రెండు, మూడు" అంటూ పోతాడు. బస్తా ముట్టుకోకుండా అంకె పలకడు. కంటితో లెక్కెడితే కన్ను తినేస్తుందనేవాడు. ఆ లెక్కే సంఘంలోనూ పెట్టాడు. స్థలమిచ్చిన వ్యాపారి రాసిన కాగితంలో ఒక షరతుంది. ఏడాదికోసారి, అప్పన్న చందనం వలిచే రోజుకి ముందు ఆదివారం పొద్దున, సంఘం మనుషులు కనీసం ఇరవయ్యొక్కరు ఆ ఇంట్లో కలిసి కూర్చోవాలి. కూర్చోలేకపోతే సంఘం లేనట్టే, స్థలం దాతగారి వారసులకి తిరిగిపోతుంది. ఆ రోజు తెర మావ చాపల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి భుజం తాకి అంకె చెప్పేవాడు. చివరి అంకె మాత్రం తెర తీసి చెప్పేవాడు. నా చిన్నప్పుడు ఆ అంకె నూట నలభై దాటేది. అంతమందిని తాకేసరికి ఆయనకి చెమటలు పట్టేవి.

మా నాన్న పోయిన ఏడు నాకు ఇరవై ఆరేళ్ళు. అన్నదమ్ములు లేరు. లెక్క రోజున నేనే వెళ్ళి నాన్న కూర్చునే చోట కూర్చున్నాను. అప్పటిదాకా ఆడవాళ్ళు లెక్కలో లేరు. భజనలో వెనక కూర్చోవడం, పులిహోర కలపడం, అంతవరకే. మావ వరసలో వస్తూ నా భుజం తాకి "ముప్పై రెండు" అన్నాడు. అంతే, గొణుగుడు మొదలైంది. ఆడపిల్లని లెక్కెలా వేస్తావని ఒక పెద్దాయన లేచాడు. మావ నా పక్కనుంచి కదలకుండానే తువ్వాలు అందుకుని చెయ్యి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"తెర తీస్తాను. అప్పన్న ఎదర సెప్పండి, ఈ గుంట మనిసి కాదని," అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. ఆయన "ముప్పై మూడు" అంటూ పక్క మనిషి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి నాన్న చొక్కా పట్టుకుని ఏడ్చాను. ఆ మనిషి నన్ను ఆ ఇంట్లో కూర్చోబెట్టాడు. తర్వాత నేను ఆయన్ని ఏం చేశానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా సంఘం ఇంటి వెనక చిన్న బౌద్ధారామం ఉంది. అక్కడి భిక్షువు, ఊజిన్ అంటాం, మావకి స్నేహితుడు. ఇద్దరూ గోడకి అటూ ఇటూ నిలబడి బర్మీలో వాదించుకునేవాళ్ళు. ఒకనాడు నేనూ ఉన్నాను. భిక్షువుల సంఘం పని చెయ్యాలంటే హద్దు రాళ్ళు పాతిన చోట కూర్చోవాలనీ, ఆ హద్దు లోపల ఇంతమంది ఉంటేనే ఆ పని చెల్లుతుందనీ, బుద్ధుడి కాలం నుంచీ ఇదే పద్ధతనీ ఊజిన్ చెప్పాడు. ఏదైనా నిర్ణయం అడిగినప్పుడు మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టేనట. మావకి మహా సంబరం. వంశధార ఒడ్డున తన తాత ఊరి దగ్గర కొండ మీద పాత ఇటిక దిబ్బలు ఉన్నాయని, అక్కడా భిక్షువులు వరసల్లో కూర్చునేవారట అని చెప్పాడు. "వాళ్ళకీ ఒక తెర మావ ఉండే ఉంటాడు," అన్నాడు.

తర్వాత ఉన్నట్టుండి అడిగాడు. "లెక్క తప్పు చెప్తే ఏమవుతుంది ఊజిన్?"

"పొరపాటైతే ఆ పని జరగనట్టే, మళ్ళీ చెయ్యాలి. తెలిసి చెప్తే మాత్రం, ఆ చెప్పినవాడు ఆ మాట ఒప్పుకునేదాకా తిరిగి వరసలో కూర్చోకూడదు."

మావ తలూపాడు. ఇది న్యాయంగా ఉంది అన్నాడు.

ఇప్పుడు నా సంగతి. నేను సంఘం కార్యదర్శిని. పెద్ద పదవి అనుకోకండి, బర్మీలో శుభ్రంగా అర్జీ రాయగలిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. తక్కినవాళ్ళు ఏమయ్యారంటారా. ముసలివాళ్ళు పోయారు. కుర్రాళ్ళు సైన్యం జాబితాలో పేరొస్తుందేమోనని సరిహద్దు దాటిపోయారు, థాయ్‌లాండ్‌లో ఒకడు, మలేషియాలో ఇంకొకడు. ఉన్నవాళ్ళలో కొందరు పదిమంది చేరే చోటికి రావాలంటేనే భయపడి మానేశారు. నూట నలభై అన్న అంకె ముప్పై అయింది, ఇరవై ఆరయింది. మూడేళ్ళ కిందట సరిగ్గా ఇరవయ్యొక్కటి దగ్గర ఆగింది. ఆ రోజు తెర తీసి ఆ అంకె చెప్పి, మావ స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయాడు.

ఆ వారమే ఆయన సభ పిలిచాడు. ఎదురు సందులో సైక్కా, అంటే మూడు చక్రాల రిక్షా, తొక్కే కో మిన్ ఉన్నాడు. టీకొట్టు నడిపే ఆవిడుంది. పక్క మేడ మీద ఇద్దరు ముగ్గురు అరవవాళ్ళున్నారు. శనివారం భజనకి గుమ్మంలో నిలబడి ప్రసాదం తీసుకునేవాళ్ళు, అప్పన్నకి దండం పెట్టేవాళ్ళు, ఓ డజను మంది ఉంటారు. "ఆళ్ళని లోనికి పిలుద్దారి. పద్దతి ప్రకారం ఏడాది పాటు శనివారాలు మనతో కూసుంటే సంగం మనుసులే అవుతారు. కాయితంలో తెలుగోడే అవ్వాలని ఎక్కడా నేదు," అన్నాడు.

అడ్డు చెప్పింది నేను. అవును, నేనే. తెలుగువాళ్ళ సంఘంలో తెలుగు రానివాళ్ళకి చోటేమిటన్నాను. ఇవాళ కూర్చోబెడితే రేపు అప్పన్న మనకి మిగలడన్నాను. నా కొడుకు, కూతురు నేను తెలుగులో అడిగితే బర్మీలో జవాబు చెప్తారు, ఆ సంగతి అప్పుడు గుర్తు రాలేదు. ఇద్దరు పెద్దలు నన్ను మెచ్చుకున్నారు. నేను ఊరుకోక సంఘం పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాశాను కూడా, తెలుగు మాట్లాడనివారికి సభ్యత్వం లేదని. అందరం మౌనంగా ఉన్నాం కాబట్టి ఒప్పుకున్నట్టే. మావ నా వైపు చూశాడు. చెయ్యి కొంచెం లేచింది గాని, తాడు లాగలేదు.

ఆ తర్వాతి ఏడు లెక్కకి ఒక చావు కబురు అడ్డం పెట్టుకుని ఏదో విధంగా వాయిదా వేయించుకున్నాం. ఆ పై ఏడు, అంటే నిరుడు, మేం మిగిలింది తొమ్మిదిమందిమి. దాతగారి మనవడు ఈసారి తనే వస్తానని కబురు పెట్టాడు. చెడ్డవాడు కాదు. లమ్మడాలో కొట్టుంది, తెలుగు నాలుగు ముక్కలు వచ్చు. స్థలం తిరిగొస్తే ఒక కాంట్రాక్టరుకి ఇచ్చి మేడ కట్టిద్దామనుకుంటున్నాడు. ఖాళీగా పడి ఉన్న ఇల్లు ఎవరికి ఉపయోగం అంటాడు, అందులో తప్పేముంది.

తప్పు చేసింది నేను. మూడేళ్ళ కిందట ఎవర్ని వద్దన్నానో వాళ్ళ గుమ్మాల ముందుకే వెళ్ళి నిలబడ్డాను. ఆదివారం పొద్దున ఒక్క గంట వచ్చి కూర్చోండి, మాట్లాడక్కర్లేదు, బొట్టు మేమే పెడతాం అన్నాను. పన్నెండుమంది వస్తామన్నారు. ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. తొమ్మిదీ పన్నెండూ ఇరవయ్యొకటి. అంత తెలివైనదాన్ని.

మావ ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆయన అరుగు మీద గోళ్ళు తీసుకుంటున్నాడు.

"ఆళ్ళు సంగం మనుసులు కారు కదమ్మీ."

"ఒక్కసారికి మావా. ఎలాగూ సభలో చెప్పేదే. తెర వేసే ఉంటుంది."

"ఆకరి అంకె తెర తీసే సెప్పాల."

"అతను అడక్కపోతే తియ్యక్కర్లేదు. తీసే అవసరం రాకుండా నేను చూసుకుంటాను. ఇల్లు పోతే మనవాళ్ళ శవాలు ఎక్కడ పడుకోబెడతాం? నీది ఎక్కడ పడుకోబెడతాం?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన గోళ్ళు తీసుకోవడం ఆపి చాలాసేపు ఊరుకున్నాడు. ఊజిన్ చెప్పిన పద్ధతిలో ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అనుకుని లేచి వచ్చేశాను.

ఆదివారం కరెంటు లేదు. ఉక్కపోత. పన్నెండుమందీ స్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. కో మిన్ నుదుట బొట్టు నేనే పెట్టాను. దాతగారి మనవడు వచ్చి తలుపు దగ్గర కూర్చున్నాడు. వరసల వైపు చూశాడు, కొన్ని మొహాలు అతనికి తేడాగా అనిపించాయని నాకు తెలుస్తూనే ఉంది. నేను గబగబా పుస్తకం తెరిచి సంతకాలు మొదలుపెట్టబోయాను. అతను చెయ్యెత్తి ఆపాడు.

"పుస్తకం వద్దు అక్కా. మా తాత చెప్పేవాడు, ఈ ఇంట్లో మావ తెర తీసి చెప్పింది ఒకటే మాట అని. ఆయన్నే చెప్పమనండి. ఆయన ఎంత అంటే అంత. నేను వెళ్ళిపోతాను."

అతను మా మీద అనుమానంతో అనలేదు. మావ మీద నమ్మకంతో అన్నాడు. ఆ నమ్మకం మా గొంతు కోసింది.

మావ లేచాడు. తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు, ముందూ వెనకా. వరసలోకి వచ్చాడు. "లాభం" అంటూ నా భుజం తాకాడు. రెండు, మూడు. మా ఎనిమిదిమందినీ, తర్వాత తన భుజాన్నీ తాకాడు. తొమ్మిది దగ్గర చెయ్యి ఆగింది. నేను తల దించుకున్నాను. చాప పోగులు తప్ప ఏమీ చూడలేదు. ఒక్కసారి తలెత్తి "చాలు మావా" అంటే అయిపోయేది. అనలేదు. నాకు ఇల్లు కావాలి.

"పది," అన్న మాట వినిపించింది. అది కో మిన్ భుజం. పదకొండు, పన్నెండు. ఒక్కొక్క అంకెకీ ఆయన గొంతు తగ్గిపోతోంది. ఇరవయ్యొకటో మనిషి టీకొట్టావిడ. ఆమెని తాకి స్తంభం దగ్గరికి నడిచి తాడు లాగాడు. అప్పన్న కనిపించాడు. మావ ఎప్పుడూ దేవుడి వైపు చూడనివాడు, ఆ రోజు అటే చూస్తూ చెప్పాడు.

"ఇరవయ్యొక్కరు."

దాతగారి మనవడు సాష్టాంగపడి దండం పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇల్లు నిలిచింది. పెద్దలు నన్ను చూసి నవ్వారు. నేనూ నవ్వాను. వెనక్కి తిరిగేసరికి మావ చెప్పులు వేసుకుని సందులోకి దిగిపోయాడు. తెర వెయ్యడం మర్చిపోయాడనుకుని నేనే వేశాను.

ఆ తర్వాత ఆయన గడప తొక్కలేదు. అడిగినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులని చెప్పేది అత్త. నేను వెళ్ళి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. జరిగింది దాతగారి మనవడికి చెప్పేద్దాం మావా అని కూడా అన్నాను. నోటితో అన్నానే గాని, చెప్తానన్న నమ్మకం నాకే లేదు.

"సెప్తే ఇల్లు పోద్ది. సెప్పకపోతే నాను పోతాను. నాను పోడమే సిన్నది," అన్నాడు.

తర్వాత నా చెయ్యి పట్టుకుని దగ్గరికి కూర్చోబెట్టుకున్నాడు. "ఒక దారుందమ్మీ. ఆ పన్నెండుగుర్నీ వొచ్చే శనివారం నుంచి నిజంగానే పిలు. మళ్ళీ సందనానికి ఏడాది నిండుద్ది. అప్పుడు ఇరవయ్యొక్కరన్న మాట నిజమవుద్ది. ఆళ్ళు లోనికెల్లిన్నాడు ఆళ్ళ ఎనకాల నానూ వొస్తాను. పుస్తకంలో నువ్వు రాసిన ముక్క నువ్వే కొట్టియ్యాల. నాను కొట్టకూడదు."

చూద్దాం మావా అన్నాను. ఆయన ఆశగా చూశాడు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, నా వైపు అలా చూశాడు.

చూద్దాం, చూద్దాం. మొదటి వారం పెద్దలతో మాట్లాడాను, వాళ్ళు మొహం ముడుచుకున్నారు. రెండో వారం నాకే భయం వేసింది, ఆ పన్నెండుమందీ ఇప్పుడే కొత్తగా చేరారని దాతగారి మనవడికి తెలిస్తే నిరుటి లెక్క బయటపడుతుందని. మూడో వారం నా కూతురికి జ్వరం. ఇవన్నీ నిజాలే. అసలు నిజం వేరే. గుండ్రటి అక్షరాలతో నేను రాసింది నేనే కొట్టెయ్యాలంటే చెయ్యి రాలేదు. పెద్దరికంగా కూర్చుని అందరికీ చెప్పినదాన్ని, తప్పు నాదేనని వాళ్ళ గుమ్మంలో ఎలా నిలబడను? అబద్ధానికి పిలవడానికి సిగ్గెయ్యలేదు, నిజానికి పిలవడానికి సిగ్గేసింది. వానలు వచ్చాయి, పోయాయి. దీపావళి వెళ్ళింది.

మావ మాత్రం ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికల్లా ఎదురుగా టీకొట్టు దగ్గర పొట్టి స్టూలు మీద కూర్చునేవాడు. భజనకి మాలో ఎవరో ఒకరం తెర తీసినప్పుడు మా తలుపు తెరిచి ఉంటుంది కాబట్టి అక్కడినుంచి అప్పన్న కనిపిస్తాడు. పాడేవాడు కాదు. చుట్టూ కో మిన్, టీకొట్టావిడ, ఇంకా ఎవరెవరో కూర్చునేవాళ్ళు. నాకు లోపల్నుంచి చూసి చిరాకొచ్చేది. ఇక్కడికి రమ్మంటే రాడు, అక్కడ కూర్చుని ఊసులాడుకుంటున్నాడు అనుకునేదాన్ని. ఊళ్ళో గాల్లో తాడు లాగడం కూడా మానేశాడని చేపలమ్మి చెప్పింది. "ఇప్పుడు ఏం చెప్పినా ఊరుకుంటున్నాడు. ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది.

మాఘంలో పోయాడు. రెండు రోజులు ఆయాసం, మూడో రోజు పొద్దున లేవలేదు. పద్ధతి ప్రకారం సంఘం ఇంట్లోకి తెద్దామని నేను గది కడిగించి చాపలు పరిపించాను. మోసుకొచ్చి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అత్త అడ్డం నిలబడింది.

"లోనికొద్దు. ఆయన ఒద్దన్నాడు."

"అత్తా, అందరినీ ఇక్కడే కదా..."

"పిలిసిన్నాడు వొస్తానన్నాడు కదమ్మీ. నువ్వు పిలిసినావేటి?"

ఆవిడ ఏడుస్తూ అనలేదు, కోపంగానూ అనలేదు. ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అడిగింది. సందులోనే, కాలవ పక్కన, చాప వేసి పడుకోబెట్టాం. మేం ఎనిమిదిమందిమి బయటే నిలబడి భజన చేశాం. వచ్చే సైకిళ్ళు, పోయే సైకిళ్ళు ఆగి తప్పుకుని వెళ్ళాయి. నలభై ఏళ్ళు ఆ తాడు పట్టుకున్న మనిషి గడపకి మూడడుగుల దూరంలో పడుకున్నాడు. అందరం బయటే ఉండిపోయాం, లోపల తెర తీసేవాళ్ళు లేక అప్పన్న కూడా కనిపించలేదు.

బట్టల కొట్టు నుంచి వచ్చిన రోజు సాయంత్రం నేను పుస్తకం తీశాను. నేను రాసిన ముక్క కొట్టేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు, అయినా కొట్టేశాను. తిన్నగా కో మిన్ దగ్గరికి వెళ్ళాను. సైక్కా సీటు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు, నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఈ శనివారం నుంచి లోపలికి రండి. మీరు, తక్కినవాళ్ళు. కూర్చోవడానికి," అన్నాను. ఎందుకో చెప్పబోయాను.

"తెలుసు అక్కా. ముసలాయన నిరుడే చెప్పాడు," అన్నాడు.

"ఏమని?"

"మీరు పిలుస్తారని. శనివారం స్నానం చేసి టీకొట్టు దగ్గరుండమన్నాడు. ఏ శనివారమైనా పిలవొచ్చు, అప్పటికి మనం శుభ్రంగా ఉండాలన్నాడు. అందరం వచ్చేవాళ్ళం. మీరు తలుపులోంచి చూసినప్పుడల్లా ఆయన మమ్మల్ని లెమ్మనేవాడు. మీరు లోపలికి వెళ్ళిపోయాక మళ్ళీ కూర్చోమనేవాడు."

వచ్చే నెల్లో లెక్క. తాడు నా చేతిలో పెట్టారు, వేరే ఎవరూ ముందుకు రాలేదు కాబట్టి. కో మిన్ వాళ్ళకి ఏడాది నిండదు, ఎనిమిది అనే చెప్తాను. ఇల్లు పోతుంది. ఆ శనివారాల్లో నేను ఎన్నిసార్లు తలుపులోంచి బయటికి చూశానో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. ఎక్కువసార్లే చూశాను.